హాయిగా తొక్కగల సైకిలు, అందుబాటు ధరలో: విజయవాడలో కొనేవారికి మార్గదర్శి

పటమటలో మా బావగారు ఉండే అపార్టుమెంటు మెట్ల కింద తొమ్మిది సైకిళ్లున్నాయి. రెండు పిల్లలవి, ఒకటి వాచ్‌మన్‌ది. మిగిలిన ఆరూ పెద్దవాళ్లు వ్యాయామానికని కొనుక్కున్నవి. ఆరింటి టైర్లలోనూ గాలి లేదు, సీట్ల మీద దుమ్ము పేరుకుంది. వాచ్‌మన్ మాత్రం తన పాత నల్ల సైకిలు మీద రోజూ పాలకూ కూరలకూ తిరుగుతూనే ఉన్నాడు.

ఆ ఆరింటిలో ఒకటి బావగారిది. ఇరవై ఒక్క గేర్లు, ముందు షాకర్లు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు. పద్నాలుగు వేలు పెట్టి కొని మూడు వారాలు తొక్కారు. అరచేతులు తిమ్మిరెక్కాయి, మెడ పట్టేసింది, మోకాళ్లు నొప్పెట్టాయి. "వయసైపోయిందోయ్, ఇక మన వల్ల కాదు" అని పక్కన పెట్టేశారు. ఆయనకు నలభై ఎనిమిదేళ్లు.

ఆ సైకిలును కిందకు దించి, టేపు పెట్టి కొలిచాను. సీటు ఉండాల్సిన ఎత్తు కంటే తొమ్మిది సెంటీమీటర్లు కిందకు ఉంది. హ్యాండిల్ మరీ దూరంగా, మరీ కిందకు ఉంది. టైర్లు బురదలో తిరగడానికి చేసినవి. ఆయన ఒంట్లో లోపమేమీ లేదు. సైకిలు ఆయన కొలతకూ ఆయన తిరిగే రోడ్డుకూ తగినది కాదు, అంతే.

హాయి అనేది గేర్ల సంఖ్యలోనో షాకర్లలోనో ఉండదు. మీ కాలి పొడవుకు సరిపడే ఫ్రేము, నడుము నిటారుగా ఉంచే హ్యాండిల్, సరైన ఎత్తులో సీటు, తగిన వెడల్పు టైరు, ఈ నాలుగూ కుదిరితే ఎనిమిది వేల సైకిలైనా సుఖంగా ఉంటుంది. కుదరకపోతే ముప్ఫై వేలదైనా మెట్ల కిందకే చేరుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో కంపెనీల పేర్ల కంటే కొలతల గురించి ఎక్కువ రాస్తున్నాను.

మొదటి అడుగు: దుకాణానికి వెళ్లకముందే తేల్చుకోవాల్సినవి

ఎక్కడ తొక్కుతారు? మన ఊరి చుట్టూ కొండలున్నా మన రోడ్లు మాత్రం కొండలెక్కవు. ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం కొండల అంచుల వెంట వెళ్లిపోతాయే తప్ప, బందరు రోడ్డయినా ఏలూరు రోడ్డయినా కాలువ గట్లయినా దాదాపు చదునే. మనకు ఎదురయ్యే అసలైన ఎక్కుడు ఫ్లైఓవర్లు. బెంజి సర్కిల్ దగ్గరా, దుర్గగుడి దగ్గరా వాటి కింద రోడ్డు ఉండనే ఉంది, వ్యాయామానికి తొక్కేవారు ఆ రద్దీలో పైకెక్కాల్సిన అవసరం లేదు. కాబట్టి కొండ ప్రాంతాలకు చేసిన సైకిలుకు మన దగ్గర డబ్బు పెట్టనక్కర్లేదు. స్పీడు బ్రేకర్లు, తవ్వి పూడ్చిన పైపులైను గాడులు, మ్యాన్‌హోల్ మూతలు మాత్రం అడుగడుగునా ఉంటాయి. వాటికి కావలసింది కాస్త వెడల్పైన టైరు.

ఎంత దూరం? రోజూ ఐదారు కిలోమీటర్ల లోపైతే గేర్లు లేని సైకిలు చాలు. ఆదివారాలు ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం మీదుగా ఉండవల్లి గుహల దాకా వెళ్లి రావాలనుంటే వెనుక ఏడు గేర్లున్నది చూసుకోండి. బ్యారేజీ ఒక్కటే 1,223 మీటర్లు. ఎదురుగాలి ఉన్న రోజున నది మీద ఆ కిలోమీటరు పైచిలుకు దూరమూ ఎక్కుడులాగే ఉంటుంది. తేలిక గేరు విలువ కొండ దగ్గర కంటే అక్కడే బాగా తెలుస్తుంది.

ఎక్కడ పెడతారు? చాలామంది ఈ సంగతి ఆలోచించరు. లిఫ్టు లేని మూడో అంతస్తుకు రోజూ మోయాలంటే పదిహేడు కిలోల సైకిలు వారం తిరక్కుండానే భారమవుతుంది. కింద వదలాలంటే గట్టి తాళం, దాన్ని చుట్టడానికి ఒక స్తంభం కావాలి. ఎండ నేరుగా పడే చోట పెడితే వేసవి రెండు నెలల్లోనే సీటు పైపొర, టైర్ల రబ్బరు పగుళ్లిస్తాయి. కొనే ముందే నీడ చూసుకోండి.

రెండో అడుగు: కాలి పొడవు కొలవండి

ఐదు నిమిషాల పని. చెప్పులు విప్పి గోడకు వీపు ఆనించి నిలబడండి. పాదాల మధ్య జానెడు ఎడం ఉంచండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నట్టు అనిపించేదాకా పైకి నొక్కండి. పుస్తకం పై అంచు గోడకు తగిలిన చోట ఇంట్లో ఎవరిచేతనైనా పెన్సిలుతో గీత గీయించండి. నేల నుంచి ఆ గీత దాకా ఉన్నదే మీ కాలి పొడవు. బావగారిది 77 సెంటీమీటర్లు వచ్చింది, ఆయన ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. అదే ఎత్తున్న ఇంకొకరికి 80 రావచ్చు. అందుకే ఎత్తును బట్టి అట్టపెట్టె మీద రాసే సైజును గుడ్డిగా నమ్మకూడదు.

ఈ ఒక్క అంకెతో రెండు విషయాలు తేలతాయి. అడ్డ రాడ్డున్న సైకిలైతే, నేల నుంచి రాడ్డు దాకా ఉన్న ఎత్తు మీ కాలి పొడవు కంటే మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. సిగ్నలు దగ్గర గబుక్కున కాళ్లు కింద పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ ఎడమే మిమ్మల్ని కాపాడుతుంది. రెండోది సీటు ఎత్తు. కాలి పొడవును 0.88తో గుణిస్తే, పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం సుమారుగా వస్తుంది. బావగారికి 68 సెంటీమీటర్లు ఉండాలి, ఆయన సైకిలుకు 59 ఉంది.

దుకాణాల్లో ఒక తికమక ఉంటుంది. "26 సైజు", "27.5 సైజు" అని చెప్పేది చక్రం సైజు, మీకు సరిపోయేదీ సరిపోనిదీ ఫ్రేము సైజు. ఫ్రేము సైజును 16, 18, 20 అంగుళాలనో, చిన్న, మధ్య, పెద్ద అనో చెబుతారు. ఒకే 26 చక్రానికి మూడు రకాల ఫ్రేములు ఉండవచ్చు. "ఫ్రేము ఎన్ని అంగుళాలండీ?" అని విడిగా అడగండి.

మూడో అడుగు: ఏ రకం సైకిలు

నల్ల సైకిలును చాలామంది చిన్నచూపు చూస్తారు. నాకు దానిమీద గౌరవం ఉంది. 28 అంగుళాల పెద్ద చక్రాలు, స్ప్రింగుల సీటు, చైనుకు నిండుగా కవరు, నిటారుగా కూర్చోబెట్టే హ్యాండిల్. హాయికి కావలసినవన్నీ దాని రూపంలోనే ఉన్నాయి. ఏ సందులోని మెకానిక్ అయినా బాగుచేస్తాడు. దాని ఇబ్బందులు కూడా చెప్పాలి. ఇరవై కిలోల దాకా బరువుంటుంది. కడ్డీల బ్రేకులు మెరిసే ఇనుప రిమ్ము మీద పట్టుకుంటాయి, వానలో ఆ పట్టు బాగా తగ్గిపోతుంది. సాధారణంగా దొరికే 22 అంగుళాల ఫ్రేము ఐదడుగుల నాలుగంగుళాల లోపు వారికి పెద్దదవుతుంది. దాని టైరు సైజు కూడా వేరు. కొత్త సైకిళ్లకు వచ్చే 700 సి అనే సైజు టైరు చూపుకు అంతే అనిపించినా ఈ రిమ్ముకు పట్టదు.

అడ్డ రాడ్డు లేకుండా కిందకు వంగిన ఫ్రేమున్న సైకిలును మనం లేడీస్ సైకిలు అంటాం. ఆ పేరు వల్లే ఎందరో మగవాళ్లు దాని జోలికి వెళ్లరు. మోకాలి నొప్పి, నడుం నొప్పి ఉన్నవారికీ, పంచె కట్టేవారికీ, క్యారియర్ మీద సంచి ఉండగా కాలు వెనక్కి తిప్పి ఎక్కలేనివారికీ ఇంతకంటే మంచి ఫ్రేము లేదు. మా అక్కయ్యకు ఈ రకమే కొన్నాం. ఆవిడ పటమట రైతు బజారు నుంచి ముందు బుట్టలో ఐదు కిలోల కూరలు తెచ్చుకుంటుంది. చీరతోనో చున్నీతోనో తొక్కేవారైతే చైను కవరు నిండుగా ఉందా, వెనుక చక్రానికి బట్ట చిక్కుకోకుండా జాలీ ఉందా అన్నది తప్పక చూడాలి.

బావగారు కొన్నట్టి షాకర్ల సైకిలే దుకాణంలో ముందు వరుసలో ఉంటుంది, చూడటానికి దిట్టంగా కనిపిస్తుంది. తక్కువ ధరలో వచ్చే షాకరు ఒక స్ప్రింగు తప్ప మరేమీ కాదు. అది ఒకటి రెండు కిలోల బరువు పెంచుతుంది. మీరు బలంగా తొక్కినప్పుడల్లా కిందకీ పైకీ ఊగి ఆ బలంలో కొంత తినేస్తుంది. రెండేళ్లకు తుప్పుపట్టి బిగుసుకుపోతే బాగుచేయడమూ కష్టమే. గుబ్బల టైర్లు తారురోడ్డు మీద గుయ్యిమని రొద చేస్తూ కాళ్లను అలసట పెడతాయి. వెనుక కూడా షాకరున్నది ఇరవై వేల లోపు ఎవరిచ్చినా తీసుకోవద్దు. నాలుగంగుళాల లావు టైర్లది అసలే వద్దు.

హైబ్రిడ్ అనే రకం షాకర్ల సైకిలుకూ రేసు సైకిలుకూ మధ్యది. 700 సి చక్రాలు, సన్నగా ఉన్నా మరీ సన్నం కాని టైర్లు, షాకరు లేని ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట కడ్డీలు). పది కిలోమీటర్లకు పైగా తొక్కాలనుకునే వారికి నేను చెప్పేది ఇదే. వంగిన కొమ్ముల హ్యాండిలుండే రేసు సైకిలు ఈ అవసరానికి సంబంధించినది కాదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

నాలుగో అడుగు: కూర్చునే తీరు

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే.

సీటు ఎత్తు సరిచూసే తేలిక పద్ధతి ఇది. ఒకరు సైకిలును పట్టుకుంటే మీరు సీటు మీద నేరుగా కూర్చోండి. ఒక పెడల్‌ను పూర్తిగా కిందకు తెచ్చి దాని మీద మడమ పెట్టండి. మోకాలు పూర్తిగా చాచుకోవాలి, నడుము పక్కకు వాలకూడదు. తర్వాత మడమ తీసి పాదం ముందుభాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు.

ఈ ఎత్తులో కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనవు, మునివేళ్లే తగులుతాయి. ఇక్కడే చాలామంది భయపడి సీటు దించేసుకుంటారు. స్కూటరు అలవాటు వల్ల సీటు మీద కూర్చునే కాళ్లు ఆనించాలనుకుంటాం. సైకిలు ఎక్కే పద్ధతి వేరు. సీటు ముందు నిలబడి, రాడ్డుకు ఇరువైపులా కాళ్లుంచి, కుడి పెడల్‌ను గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోటికి తెచ్చి, దాని మీద బరువు వేసి లేవండి. సైకిలు కదులుతుంది, మీరు వెనక్కి సీటు మీదకు చేరతారు. ఆగేటప్పుడు బ్రేకు పట్టి, సీటు మీద నుంచి ముందుకు దిగి ఒక కాలు నేలకు ఆనించండి. ఖాళీగా ఉన్న రోడ్డులో ఇరవై సార్లు చేస్తే చాలు, అలవాటైపోతుంది. బావగారికి ఇది రెండు ఉదయాలు పట్టింది. మోకాళ్ల నొప్పి ఆ వారంలోనే తగ్గింది. సీటు కిందకు ఉన్నప్పుడు మోకాలు ప్రతి తొక్కులోనూ బాగా మడిచి ఉండగానే బలం పెట్టాల్సి వస్తుంది. పది కిలోమీటర్లలో ఆ తొక్కులు వేలల్లో ఉంటాయి.

హ్యాండిల్ విషయానికి వస్తే, దాని పిడులు సీటుతో సమానమైన ఎత్తులో గాని, ఒకటి రెండు అంగుళాలు పైన గాని ఉండాలి. మోచేతులు కొద్దిగా వంగి, భుజాలు వదులుగా ఉండాలి. నెమ్మదిగా తొక్కుతూ పట్టు సడలించి చూడండి. ఒళ్లు ముందుకు పడిపోతున్నట్టుంటే మీ బరువంతా అరచేతుల మీద ఉన్నట్టే. తిమ్మిరికీ మెడనొప్పికీ మూలం అదే. కొన్ని సైకిళ్లకు హ్యాండిల్ మెడభాగం మీద, సరిగ్గా మధ్యలో ఒకే నిలువు బోల్టు ఉంటుంది. దాన్ని వదులుచేసి హ్యాండిల్‌ను రెండు మూడు అంగుళాలు పైకి లేపవచ్చు, అయితే దాని కాడ మీద ఉన్న హద్దు గీత బయటకు కనిపించకూడదు. కొత్త నమూనాల్లో చాలావాటికి ఈ వీలు లేదు. అప్పుడు పైకి వంపు తిరిగిన వేరే హ్యాండిల్ వేయించుకోవాలి. "ఇది పైకి లేస్తుందా?" అన్నది దుకాణంలో అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న.

సీటు మెత్తగా ఉంటే సుఖమని అందరూ అనుకుంటారు, వేలితో నొక్కి చూసి కొంటారు. నిజానికి కూర్చున్నప్పుడు మన బరువు మోసేవి పిరుదుల లోపలి రెండు ఎముకలు. సీటు ఆ రెండిటికీ ఆధారం ఇచ్చేంత వెడల్పు ఉండాలి, అవి దిగబడిపోనంత గట్టిగానూ ఉండాలి. మరీ మెత్తని సీటులో ఎముకలు లోపలికి దిగి, మధ్యభాగం పైకి పొంగి నరాలను నొక్కుతుంది. అరగంటకు తిమ్మిరెక్కేది అందుకే. మీ కొలత తెలుసుకోవాలంటే మడతలున్న అట్టపెట్టె ముక్కను గట్టి బల్ల మీద వేసి, కాళ్లు కాస్త పైకెత్తి దాని మీద ఒక నిమిషం కూర్చోండి. లేచి చూస్తే రెండు గుంటలు పడి ఉంటాయి. వాటి మధ్యబిందువుల దూరం కొలిచి, రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే సీటు వెనుకభాగం వెడల్పు వస్తుంది. నిటారుగా కూర్చునేవారికి ఇంకొంచెం వెడల్పైనా మంచిదే. సీటు నేలకు సమాంతరంగా బిగించాలి, ముక్కు పైకి లేచి ఉండకూడదు. పదిహేను రోజులు తొక్కాక కూడా నొప్పి ఉంటేనే సీటు మార్చండి. మొదటి వారం నొప్పి అలవాటు లేకపోవడం వల్ల వచ్చేది.

ఐదో అడుగు: టైర్లు, గేర్లు, బ్రేకులు

షాకరు చేయాల్సిన పనిని టైరే చేస్తుంది. 700 సి చక్రానికి 35 నుంచి 42 మిల్లీమీటర్ల వెడల్పు, 26 చక్రానికి 1.75 అంగుళాల వెడల్పు, పైభాగం దాదాపు నున్నగా ఉన్న టైరు మన రోడ్లకు సరిపోతుంది. ఎంత గాలి పట్టించాలో టైరు పక్కనే ముద్రించి ఉంటుంది. ఆ వెడల్పులకు గాలి ఒత్తిడి సాధారణంగా 40 నుంచి 60 పీఎస్‌ఐ మధ్యలో ఉంటుంది. గాలి తక్కువైతే సైకిలు బరువెక్కుతుంది, గుంటలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకూ నేలకూ మధ్య నలిగి పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. ఏడాదికి నాలుగు పంక్చర్లు వేయించుకునే వారిలో చాలామందికి మేకుల బాధ కంటే ఈ గాలి తక్కువ బాధే ఎక్కువ.

వాల్వు కూడా చూడండి. మోటారు సైకిలుకు ఉండే రకం ఉంటే ఎక్కడైనా గాలి దొరుకుతుంది. అయితే పెట్రోలు బంకులో పెద్ద గొట్టంతో పట్టేటప్పుడు దగ్గరుండి కొద్దికొద్దిగా పట్టించండి, సైకిలు ట్యూబు చిన్నది కాబట్టి క్షణంలో నిండిపోతుంది. సన్నని వాల్వు ఉంటే చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి సంచిలో వేసుకోవాలి.

గేర్ల లెక్క ఒకటి చెబుతాను. ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్న 28 అంగుళాల సైకిలు ఒక తొక్కుకు సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి 60 తొక్కులు తొక్కితే గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగం. చదును రోడ్డు మీద హాయిగా తొక్కేవారికి ఇంతకంటే అక్కర్లేదు, గేర్లు లేని సైకిలు ఆ ఒక్క గేరులోనే దీన్ని ఇస్తుంది. ఎదురుగాలికీ ఎక్కుడుకూ తేలిక గేరు కావాలంటే ముందు ఒకటి, వెనుక ఏడు ఉన్నది తీసుకోండి. ముందు మూడు, వెనుక ఏడు కలిపి ఇరవై ఒకటి అని చెప్పేవాటిలో చాలా గేర్లు ఒకదానికొకటి దాదాపు సమానంగానే ఉంటాయి. పైగా ముందున్న గేరు మార్చే యంత్రం సరిగ్గా సర్ది ఉండకపోతే చైను జారుతూ ఉంటుంది. లేని భాగానికి మరమ్మతు లేదు.

బ్రేకులకు అల్యూమినియం రిమ్ము మీద రెండు వైపులా రబ్బర్లు పట్టుకునే రకం చాలు. రబ్బర్లు చవక, మీరే మార్చుకోవచ్చు. తక్కువ ధర డిస్కు బ్రేకు వానలో బాగానే పనిచేస్తుంది గాని, తరచూ సర్దుబాటు అడుగుతుంది, రేకు కాస్త వంగినా కీచుమంటుంది. మీ వేళ్లు చిన్నవైతే బ్రేకు పిడి అందుతోందా లేదా చూసుకోండి. చాలా పిడులకు లోపలివైపు చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పితే పిడి దగ్గరకు వస్తుంది.

మడ్‌గార్డులు, స్టాండు, క్యారియర్, బెల్లు వేసి ఉన్న సైకిలు ఇచ్చే సుఖం వేరు. ఇవి విడిగా కొంటే వెయ్యి పైన అవుతుంది, ధర పోల్చేటప్పుడు లెక్కలో వేసుకోండి.

ఆరో అడుగు: డబ్బు

నా సలహా ఇది. చేతిలో పన్నెండు వేలుంటే సైకిలుకు పది వేలే అనుకోండి. మిగిలిన రెండు వేలు గట్టి తాళానికి, ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటుకు, నిలబెట్టి కొట్టే పంపుకు, హెల్మెట్‌కు ఉంచండి. తెల్లవారుజామున ఐదున్నరకు బయల్దేరేవారికి వెనుక లైటు తప్పనిసరి.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. దుకాణంలో పాత సరుకు మీద పాత ధర చీటీ ఉంటే, బిల్లులో పన్ను ఎంత వేశారో చూడండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. అందులో ఫ్రేము నంబరు రాయించండి, పోతే పోలీసులకు చూపడానికి అదే ఆధారం. ఆ నంబరు సాధారణంగా పెడల్ ఇరుసు కింద చెక్కి ఉంటుంది.

ఆన్‌లైన్‌లో వెయ్యి తక్కువకు దొరికితే ఒక్కసారి ఆలోచించండి. అది సగం విప్పిన స్థితిలో పెట్టెలో వస్తుంది. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పితేనే బిగుస్తుంది. ఆ సంగతి తెలియక బలవంతంగా తిప్పితే పెడల్ కడ్డీలోని మర అరిగి కొత్త కడ్డీ కొనాల్సి వస్తుంది. ముందు ఫోర్కు వెనక్కి తిప్పి బిగించేసినవి కూడా నేను చూశాను. బిగించిపెట్టి, నెల తర్వాత మళ్లీ చూసిపెట్టే మెకానిక్ ఉన్న పేట దుకాణానికి ఆ వెయ్యి ఇవ్వడమే నాకు లాభంగా తోస్తుంది.

ఏడో అడుగు: దుకాణంలో

ముందు సీటు సరిచేయించండి. అక్కయ్యకు కొన్నప్పుడు నేను "బాబాయ్, సీటు కాస్త పైకి లేపండి" అంటే, దుకాణం పెద్దాయన "అలవాటైపోతుంది బాబూ, ముందు తీసుకెళ్లండి" అన్నారు. నేను టేపు తీసి కొలత చూపించాక పానా తెచ్చి ఓపికగా సరిచేశారు. అడిగితే చేస్తారు, మొహమాటపడకూడదు.

తర్వాత ముందు చక్రాన్ని పైకెత్తి తిప్పండి. రిమ్ముకూ బ్రేకు రబ్బరుకూ మధ్య సందును కన్నార్పకుండా చూస్తే, చక్రం వంకర ఉంటే ఆ సందు పెరుగుతూ తగ్గుతూ కనిపిస్తుంది. చక్రం నెమ్మదిగా, శబ్దం లేకుండా ఆగాలి. చువ్వలను జతలుగా వేళ్లతో నొక్కండి, ఏదైనా ఒకటి మెత్తగా ఉంటే బిగించమనండి. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకీ వెనక్కీ ఊపండి, హ్యాండిల్ మెడలో టక్కుమనే కదలిక ఉండకూడదు. పెడల్ కడ్డీని పట్టి పక్కకు లాగండి, అక్కడా కదలకూడదు.

ఆ తర్వాత తొక్కండి. దుకాణం ముందు రెండు చక్కర్లు కొట్టి సరేననకండి. ఫోనో బండి తాళమో వాళ్ల దగ్గర ఉంచి, కనీసం పావుగంట, ఒక స్పీడు బ్రేకరు, ఒక గతుకుల సందు, ఒక మలుపు ఉండేలా తిరిగి రండి. నడుము, అరచేతులు, మోకాళ్లు ఏమంటున్నాయో ఆ పావుగంటలోనే తెలుస్తుంది. ఉదయం పదిలోపు వెళితే దుకాణంలో రద్దీ ఉండదు, ఎండా ఉండదు.

పాత సైకిలు కొనాలనుకుంటే

మెట్ల కింద దుమ్ము పట్టినవాటిలో మంచివి సగం ధరకే దొరుకుతాయి. మా అపార్టుమెంటులోనే రెండు అలా చేతులు మారాయి. అయితే మన ఊళ్లో ఒక ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట వైపు ఇళ్లు మునిగినప్పుడు ఎన్నో సైకిళ్లు రోజుల తరబడి బురదనీటిలో ఉండిపోయాయి. పైన రంగు తళతళలాడుతున్నా లోపల బేరింగు గోళీలకు తుప్పు పట్టి ఉండవచ్చు. చక్రాన్ని తిప్పుతూ ఫోర్కు మీద చెయ్యి ఆనించండి. ఇసుక నూరినట్టు గరగర తెలిస్తే లోపల గ్రీజు పోయిందన్నమాట. సీటు కాడను వదులుచేయించి పైకి లాగండి. అది తుప్పుతో అతుక్కుపోయి కదలకపోతే ఎంత చవకైనా వదిలేయండి, మీ ఎత్తుకు సరిచేయడమే కుదరదు. గోళీలు మార్చి ఓవర్‌హాలింగ్ చేయించడానికి అయ్యే ఖర్చు మెకానిక్‌ను ముందే అడిగి, ధరలో అంత తగ్గించమనండి.

చైను అరుగుదలకు ఒక కొలత ఉంది. చైనులో ప్రతి పిన్నుకూ పిన్నుకూ మధ్య అరంగుళం. స్కేలు పెట్టి 24 అరంగుళాలు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో ఎనిమిదోవంతు ఎక్కువ వస్తే చైను మార్చాల్సిందే, పళ్ల చక్రాలు కూడా అరిగి ఉండే అవకాశం ఉంది.

మొదటి నెల

కొత్త సైకిలు తీగలు సాగుతాయి, చువ్వలు సర్దుకుంటాయి. వంద కిలోమీటర్లకో నెలకో ఒకసారి, ఏది ముందైతే అప్పుడు, దుకాణానికి తీసుకెళ్లి బిగింపులు చూపించండి. వారానికోసారి బొటనవేలితో టైరు నొక్కి గాలి చూడండి. చైనుకు కొబ్బరినూనె వేయవద్దు, దుమ్ము పట్టి బంకలా మారుతుంది. సైకిలు చైను నూనె గాని, కుట్టుమిషను నూనె గాని చుక్కచుక్కగా వేసి, పెడల్ వెనక్కి పది చుట్లు తిప్పి, పైన మిగిలినదంతా పాతగుడ్డతో తుడిచేయండి. వానలో తడిసిన రోజు ఇది తప్పక చేయాలి.

మొదటి వారం రోజుకు మూడు కిలోమీటర్లు చాలు. ఏప్రిల్, మే నెలల్లో ఏడింటికల్లా ఇంటికి చేరేలా చూసుకోండి.

బావగారి సైకిలుకు చివరికి చేసింది ఇంతే. సీటు తొమ్మిది సెంటీమీటర్లు లేపాం, పైకి వంపున్న హ్యాండిల్ వేయించాం, గుబ్బల టైర్లు తీసి నున్నటివి వేయించాం. మొత్తం పద్దెనిమిది వందలయింది. ఇప్పుడు ఆదివారాలు బ్యారేజీ దాకా వెళ్లి, నది చూసి వస్తున్నారు. ఒక్కటే చిక్కు వచ్చింది. ఇంట్లో పిల్లలు తొక్కినప్పుడల్లా సీటు దించేసేవారు, మర్నాడు ఆయన అలాగే ఎక్కేసేవారు. అక్కయ్య గోళ్ల రంగు తెచ్చి, సీటు కాడ మీద సరిగ్గా ఫ్రేములోకి దిగే చోట ఒక ఎర్ర గీత గీసింది. ఇప్పుడు ఆయన ఉదయం సైకిలు తీయగానే ముందు ఆ గీత చూసుకుంటున్నారు.